సోమవారం గోలీలు

మా ఆయన లిఫ్టులు బిగిస్తాడు. తెల్లాపూర్‌లో లేస్తున్న పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో, లిఫ్టు ఇంకా రాని ఆ నిలువు గుంతలో, పలకల మీద నిలబడి కింది నుంచి పైదాకా ఇనుప పట్టాలు బిగించుకుంటూ పోతాడు. లోపల పగలు కూడా చీకటేనట. తలెత్తితే చేతిరుమాలంత ఆకాశం. "ఒక్కోపారి అది కదిలినట్టు కనవడ్తది" అన్నాడొకసారి. కదిలేది మబ్బులే. అయినా ఆ మాట నాలో ఉండిపోయింది.

మేం అమీన్‌పూర్‌లో మూడో అంతస్తులో కిరాయికి ఉంటాం. చలికాలం పొద్దున పాపను చంకనేసుకుని మిద్దె మీదికి పోతే, ఆ టవర్ల కింది సగం మంచులో కరిగిపోయి ఉంటుంది. పై అంతస్తులు దేని మీదా ఆనకుండా తేలుతుంటాయి. గాలి పటాన్‌చెరు వైపు నుంచి తిరిగితే ఫ్యాక్టరీల తియ్యటి మందు వాసన. పాప అటు వేలు చూపించి "నాన్న" అంటుంది. అవునంటాను. తన లెక్కలో నాన్న మబ్బుల్లోకి పనికి పోయి, సాయంత్రం సిమెంటు దుమ్ముతో దిగి వచ్చే మనిషి. కొన్నాళ్ళకు నాకూ అట్లాగే అనిపించడం మొదలైంది. తేడా ఒక్కటే, తను నవ్వేది, నేను భయపడేదాన్ని.

ఎందుకంటే పాపకు ఏడాది నిండేలోపే ఆయనకు బీపీ ఉందని తేలింది. ముప్ఫై మూడేళ్ళ మనిషికి. బస్తీ దవాఖానలో డాక్టరమ్మ రోజూ పొద్దున ఒక గోలీ వేసుకోమంది. నెలకు సరిపడా గోలీలు మా వీధి చూసే ఆశా అక్క ఇంటికి తెచ్చిస్తుంది. అది కాక, ఎత్తులో పని చేసేవాళ్ళకు సైటులో ఒక కార్డు ఉంటుంది, హైట్ పాస్ అంటారు. ప్రతి సోమవారం బీపీ చూసి దాని మీద ముద్ర వేస్తారు. ముద్ర లేకపోతే పైకి పోనివ్వరు.

నేను బీఎస్సీ చదివాను. మెదడులో నరం చిట్లితే ఏమవుతుందో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఇరవై రెండో అంతస్తులో, ఆ గుంతలో, పలక మీద ఉన్నప్పుడు చిట్లితే? అక్కడితో నా ఆలోచన ఆగిపోయేది. అందుకే రోజూ టిఫిన్ డబ్బా చేతికిస్తూ అడిగేదాన్ని.

"గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

చాలా నెలలు మా ఇద్దరి మధ్య తెల్లవారడమంటే ఈ రెండు మాటలే.

ఒక నెలాఖరున మందుల డబ్బా తీస్తే ఒక నిండు గోలీల పట్టీ మిగిలి ఉంది. మరో పట్టీలో ఏడు గోలీలు అట్లాగే ఉన్నాయి. అంతలోనే ఆశా అక్క గేటు దగ్గర నుంచి పిలిచింది. "చెల్లే, గోలీలు అయిపోయినయా?"

"అయిపోయినయక్కా" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చదువుకున్న నా ఇంట్లో ఇట్లా అవుతోందని సిగ్గేసింది. మిగిలిన పట్టీలను పాప చిన్నప్పటి గౌన్ల కింద దాచాను. మరుసటి నెలా అదే అబద్ధం. ఆ గౌన్ల కింద పట్టీలు మెత్తగా పేరుకుంటూ పోయాయి. బట్టలు మడతపెడుతుంటే లోపల సన్నగా గలగలమనేవి, దూరంగా ఎక్కడో వాన మొదలైనట్టు. ఆయన్ను మాత్రం నిలదీయలేదు. అడిగితే ఉన్న ఆ రెండు మాటలు కూడా పోతాయేమోనని.

తర్వాత తెలిసింది, ఆయన వేసుకునేది ఆదివారం ఒకటి, సోమవారం పొద్దున రెండని. పరీక్ష రోజుకు మిషన్ మీద అంకె దిగితే చాలు. ఎట్లాగో దిగేది, ముద్ర పడేది.

ఒకసారి సైటు వాళ్ళు చెప్పకుండా గురువారం బీపీ చూశారు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన ఇంటికొచ్చాడు. మట్టిలేని బూట్లు, మాయని చొక్కా. వాకిట్లో ఎండ ఉండగా ఆయన్ను చూసి పాప కొత్త మనిషనుకుంది, నా వెనక దాక్కుంది.

"పాస్ గుంజుకున్నరు" అన్నాడు. "బీపీ దిగెదాంక కిందనే స్టోర్‌ల కూసొమ్మన్నరు. అక్కడున్న డాక్టరైతే, గింత బీపీతోని పైకెట్ల వోతున్నవురా అని నన్ను దయ్యాన్ని జూసినట్టు జూసిండు."

నేను లోపలికి పోయి గౌన్లు తీసి, పట్టీలన్నీ తెచ్చి ఆయన ముందు చాప మీద పోశాను. ఒక పట్టీ తీసి తిరగేసి చూశాడు. "నువ్వు గిన్ని దినాలు…" అని ఆగిపోయాడు. ఇద్దరం ఒకరినొకరం పట్టుకున్న దొంగల్లా కూర్చున్నాం. పాప వచ్చి ఒక పట్టీ తీసుకోబోతే ఇద్దరం ఒకేసారి లాక్కున్నాం.

శనివారం ఆశా అక్క వస్తే ఉన్నదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు దాస్తున్నవని నాకెరుకే చెల్లే. గోలీలు దినాం ఏసుకుంటే, నేను రాంగనే ఖాళీ పట్టీలు ముందటేస్తరు. నువ్వొక్కనాడన్న సూపెట్టినవా?" ఆయన వైపు తిరిగింది. "తమ్మీ, దినాం ఎందుకేసుకుంటలేవు? ఏమైతది ఏసుకుంటే?"

ఆయన పాప జడ సవరించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, అది ఏసుకుంటే గంటకోపారి ఒంటేలు వస్తది. పాయిఖానాలు కిందున్నయి. ఇరవై రెండు అంతస్తులు మెట్లు దిగాలె, మల్ల ఎక్కాలె. మూలకు వోతే సూపర్‌వైజరు ఫోటో దీసి గ్రూపుల వెడ్తడు. సోమవారమంటే పరీక్షకని పొద్దంత కిందనే ఉంటం."

అక్క పకపకా నవ్వింది. "లిఫ్టులు వెట్టెటోనికే లిఫ్టు లేకపాయె! గీ ముచ్చట డాక్టరమ్మకు జెప్పినవా?"

"ఆడామెకు ఎట్ల జెప్పాలె అక్కా?"

"మరి నేనేంది, మొగోన్నా?"

ఆయనా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇన్ని నెలల్లో నేను వేసుకున్నవా అనే అడిగాను. ఎందుకు వేసుకుంటలేవని ఒక్కసారీ అడగలేదు. నా భయానికి కావలసింది జవాబు కాదు, ఔననే మాట. ఆయన అదే ఇచ్చాడు.

సోమవారం అక్కే మమ్మల్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రెండు గోలీలు ఒకేసారి వేసుకోవడం మంచిది కాదని ఆమె గట్టిగానే చెప్పింది. తర్వాత మందు మార్చింది, ఇది రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంది. అక్క మిగిలిన పాత పట్టీలను సంచిలో వేసుకుని తీసుకుపోయింది.

ముద్ర వెంటనే పడలేదు. ఐదు వారాలు ఆయన స్టోర్‌లోనే కూర్చున్నాడు. ఆరో సోమవారం పాస్ వచ్చింది. నాకు సంతోషమూ భయమూ ఒకేసారి కలిగాయి, అది వేరే సంగతి.

నేను రాయాలనుకున్నది ఆ తర్వాత ఒక పొద్దుటి గురించి. పాలు కాస్తున్నాను. నేనేమీ అడగలేదు. ఆయనే బూట్లకు తాళ్ళు కట్టుకుంటూ అన్నాడు.

"రాత్రి గోలీ ఏసుకోలే."

"ఎందుకు?"

"పాప నా చెయ్యి మీద పండుకున్నది. నేను లేస్తె లేస్తదేమోనని గట్లనే ఉన్న. గట్లనే నిద్రవట్టింది."

పాలు పొంగాయి. నేను పొయ్యి ఆర్పలేదు, కాసేపు ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.