నాకు లేని ఆడబిడ్డ

అరవై తొమ్మిదిలో మా ఆయన యూనివర్సిటీ హాస్టల్లో వంట చేసేవాడు. తార్నాక వైపు క్వార్టర్‌లో మేమిద్దరమే ఉండేవాళ్లం. తెలంగాణ గొడవలకని మా ఇంటి ముందే పోలీసుల డేరాలు వేశారు. ఆంధ్రా వైపు సర్కారు జిల్లాల నుంచి వచ్చిన ఒక జవాను రోజూ మా నల్లా దగ్గర బట్టలు ఉతుక్కుని, తుపాకీ తుడుచుకుని, “అక్కా, కాస్త పచ్చడి పెట్టండి” అంటూ వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం అక్కడే చదువుకునే మా తమ్ముడు లాఠీ దెబ్బలతో ఇంట్లోకి ఉరికొచ్చాడు. దొరికితే జైలే. మూలన పడుకోబెట్టి నా చీర కప్పాను. అంతలోనే ఆ పోలీసుల జమేదారు వచ్చాడు, వెనకాలే ఆ జవాను.

“లోపలెవరు?”

“మా ఆడబిడ్డ సార్. ముట్టయి మూలకు పన్నది. లోపలికి రావద్దు.”

జమేదారు గడప దగ్గరే ఆగి, జవాను వైపు తిరిగాడు. “రోజూ వస్తావుగా, ఈమెకు ఆడపడుచుందా?”

నేను గడపకు అడ్డంగా జరిగాను.

“ఉంది సార్. మొన్న కూడా చూశాను.”

జమేదారు వెళ్లిపోయాడు. జవాను మెల్లగా అన్నాడు: “అక్కా, మీ ఆడపడుచు మీసాలు కనబడుతున్నాయి. చీర పైకి లాగండి.”

ఇప్పటికీ ఎవరినైనా ‘ఆ ప్రాంతమోళ్లు’ అని తిట్టబోతే, నేను పేరైనా అడగని ఆ అబ్బాయి గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.