చుక్కలక్క

కంటి ఆసుపత్రిలో అందరూ ఆమెను చుక్కలక్క అంటారు. కళ్ళద్దాలు వదిలించే లేజరు గదిలోకి వెళ్ళే ప్రతి కంట్లోనూ మత్తు చుక్కలు వేసేది ఆమే. ముక్కు మీద దళసరి అద్దాలు, ఆ పైన కోపం. "లోపల దీపం వంకే చూడాలి. కాలిన వాసనొస్తే కంగారుపడొద్దు. బయటికొచ్చాక మంట పుడుతుంది, కళ్ళు నులిమావో చేతులు విరగ్గొడతా!" అని రోజంతా కసురుతూనే ఉంటుంది.

ఒకరోజు ఓ కాలేజీ అమ్మాయి సంచిలోంచి కాంటాక్టు లెన్సుల డబ్బీ జారిపడింది. ఇంకా తడిగానే ఉంది.

"మానెయ్యమన్నారుగా! నిన్న కూడా పెట్టుకున్నావా?"

"ఒక్క ఫంక్షన్‌కే అక్కా."

"లెన్సు ఒత్తిడికి కంటి కొలతలు తప్పుతాయే! తప్పు కొలతతో కన్ను చెక్కించుకుంటావా? ఇంటికి పో. రెండు వారాలాగి రా."

"మీకేం, అద్దాలు అలవాటైపోయాయి," అని గొణిగింది అమ్మాయి.

చుక్కలక్క గయ్యిమంది. "నాకూ ఇక్కడే కొలిచారు. కంటిపొర పల్చన, లేజరు చెయ్యకూడదన్నారు. చెయ్యదగ్గ కళ్ళుండి ఆటలా నీకు?"

రెండు వారాలకు ఆ అమ్మాయికి లేజరు చేశారు. మర్నాడు పరీక్షకొచ్చి గోడమీది చిన్నక్షరాలు కూడా గడగడా చదివేసి, ఏడుపాగక కళ్ళ మీదికి చెయ్యి తీసుకెళ్ళింది. చుక్కలక్క ఆ చేతిని లాగిపారేసింది.

"నులమొద్దన్నానా! కన్నీళ్ళొస్తే కారనియ్యి," అని అరిచి, గిర్రున వెనక్కి తిరిగి, అద్దాలు పైకి నెట్టి తన కళ్ళు కసిదీరా నులుముకుంది.