అత్తయ్య మరిచిపోయిన మధ్యాహ్నం

గాజు సీసాల ఫ్యాక్టరీలో ఆమెది చూసే పని. వెలుగుతున్న పలక ముందు కూర్చుంటే సీసాలు వరసగా కదిలిపోతుంటాయి. పగులున్నదాన్ని, బుడగ పడ్డదాన్ని ఏరి పక్కకు తియ్యాలి. ఆమె కన్నుగప్పి ఒక్క సీసా కూడా పోదని తోటివాళ్ళు డేగ అని పిలిచేవారు. లోపలికి ఫోను తీసుకువెళ్ళనివ్వరు. గేటు దగ్గర అరలో పెట్టి తాళం వేసుకోవాల్సిందే.

ఎనిమిది నెలల కూతుర్ని అత్తగారికి అప్పగించి వెళ్ళేది. భర్త లారీ డ్రైవరు, ఎప్పుడో వారానికోసారి ఇంటిముఖం చూస్తాడు. అత్తగారు నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. "ఒక్కరికీ చిన్న దెబ్బైనా తగల్లేదు. నువ్వు నిశ్చింతగా పో" అని కోడల్ని గుమ్మం దాకా తరిమేది.

ముందు ఒకరోజు అత్తగారు పొయ్యి మీద మరిచిపోయిన పాలగిన్నె మాడింది. తర్వాత, పాపకు పాలు పట్టి గిన్నె కడిగేలోపే ఆవిడ మళ్ళీ పాలు కలిపింది.

"ఇప్పుడే కదత్తయ్యా పట్టారు?"

"దాని ఆకలి దాని కళ్ళలోనే కనిపిస్తుందే. నీకేం తెలుసు!"

ఇద్దరూ నవ్వారు. కోడలు మాత్రం ఆ పాలు తీసి పక్కన పెట్టింది. భర్తకు ఫోనులో చెబితే, "వయసు మీద పడింది కదా. గోరంతని కొండంత చెయ్యకు" అన్నాడు. అది గోరంతే కావాలని ఆమె కూడా కోరుకుంది. కొండంతదైతే ఆ సంగతి పెద్దావిడ మొహాన అనాలి, పైగా పని మానుకోవాలి. అందుకే నోరు కుట్టేసుకుంది. కానీ పలక ముందు కూర్చున్నంతసేపూ పొయ్యి, బక్కెట్టు, తెరిచిన తలుపు కళ్ళముందు తిరిగేవి.

ఒకరోజు కొలిమి చెడిపోయి అందర్నీ మధ్యాహ్నమే పంపేశారు. ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అత్తగారు మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఉయ్యాల ఖాళీ.

"పాపేదత్తయ్యా?"

ఆవిడ తలెత్తి చూసింది. "అదేంటమ్మా, నువ్వే కదా పొద్దున తీసుకెళ్ళావ్?"

కోడలు లోపలికి పరిగెత్తింది. మంచం కింద చూసింది, వంటింట్లో చూసింది. స్నానాలగది తలుపు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగిపోయింది. లోపల నిండు బక్కెట్టు ఉంటుంది. కళ్ళు మూసుకుని తలుపు తోసింది. బక్కెట్లో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. నీళ్ళే ఉన్నాయి.

వీధిలోకి పరిగెత్తబోతుంటే, డాబా మీదికి పోయే మెట్ల మీంచి బట్టల క్లిప్పు ఒకటి టకటకమని దొర్లుకుంటూ కిందికి వచ్చింది.

తలెత్తింది. పై మెట్టు అంచున పాప బోర్లా పడుకుని కిందికి తొంగిచూస్తోంది. ఎండకు మొహం కందిపోయింది. వెనకాల బట్టల బుట్ట ఒరిగిపోయి ఉంది. అమ్మను చూడగానే పాప కిలకిలా నవ్వి ఒక చెయ్యి ముందుకు చాపింది.

అరిస్తే దూకుతుంది. పరిగెత్తినా దూకుతుంది. నవ్వు మొహం పెట్టుకుని, "అక్కడే ఉండు నా తల్లీ, అక్కడే" అంటూ మెట్టు తర్వాత మెట్టు ఎక్కింది. వేళ్ళకు చొక్కా అందగానే పిల్లను లాక్కుని గుండెకు అదుముకుంది. అప్పుడొచ్చింది ఏడుపు.

కిందికి దిగేసరికి అత్తగారు గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. కోడలు తిట్టడానికే నోరు తెరిచింది. ఆ మొహం చూశాక ఆ తిట్లు మింగేసింది.

"బుట్టలో కూర్చోబెట్టి నేనే పైకి తీసుకెళ్ళాను. బట్టలు చేతుల్లో మోసుకుని దిగొచ్చాను. దీన్ని..." ఆవిడ మెట్ల వైపు చూసింది. "నా బుర్ర పనిచెయ్యట్లేదని నాకెప్పుడో తెలుసమ్మా. చెబితే దీన్ని నా ఒళ్ళో పెట్టవేమోనని దాచాను."

"నేనూ దాచానత్తయ్యా."

"ఇక నన్నూ దీన్నీ ఒంటరిగా వదలకు. నేను బతిమాలినా వదలకు. రేపటికి ఈ మాటే నాకు గుర్తుండకపోవచ్చు."

ఆ వారం వచ్చిన భర్త సంగతంతా విన్నాడు. తర్వాత డాబా మెట్లకు తలుపు చేయించాడు, తల్లిని డాక్టరుకు చూపించాడు. పక్క వాటాలో ఉండే దర్జీ అక్క నెలకింత అని ఒప్పుకుని, కుట్టుమిషను తెచ్చుకుని వీళ్ళ ముందుగదిలోనే పని పెట్టుకుంది.

నెల తిరక్కుండానే ఒక పొద్దున అత్తగారు ఇంతెత్తున లేచింది. "నలుగురిని పెంచిన దాన్ని, నాకు కాపలా పెడతావా? నా మనవరాలిని నేను చంపుకుంటాననా నీ భయం? ఏ కోడలైనా అత్తను ఇంత అవమానిస్తుందా?"

దర్జీ అక్క తల వంచుకుంది. కోడలికి ఆ మధ్యాహ్నం సంగతంతా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆవిడ కొత్తగా విన్నట్టే కుప్పకూలిపోతుంది. అందుకే, "కోపమొస్తే తిట్టండత్తయ్యా. అక్క మాత్రం ఇక్కడే ఉంటుంది" అని చెప్పులేసుకుంది.

బయటికి వచ్చి, లోపల మిషను చప్పుడు మొదలయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత పనికి వెళ్ళింది.