పోయొస్త అనకూడని ఇల్లు

హనుమకొండలో మా చీరల దుకాణం పై పోర్షన్‌లో ఒక అమెరికా ఆమె అద్దెకుంటోంది. వయసు అరవై దాటింది. హసన్‌పర్తి దగ్గర కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. వయసులో ఉండగా మంచు కొండలెక్కేదట, మనిషికి ఊపిరి కూడా సరిగా ఆడనంత ఎత్తువి. ఆ సంగతి తెలిశాక నేను ఊరుకుంటే కదా! దుకాణానికి ఎవరొచ్చినా ఆమెను కిందికి పిలిచి కథ చెప్పించేదాన్ని. ఒకసారి దిగేటప్పుడు మంచు తుఫానులో తన స్నేహితురాలు చనిపోయిందనీ, తానొక్కతే ప్రాణాలతో కిందికి చేరిందనీ చెప్పేది. నిద్రలోనే పోయింది, బాధపడలేదు అని ముగించేది. విన్నవాళ్లు అయ్యో అనేవాళ్లు. నాకేమో గొప్పగా ఉండేది.

ఆమెకు తెలుగు నేర్పింది నేనే. ఎవరింటి నుంచి బయల్దేరినా పోతున్న అనొద్దు, పోయొస్త అనాలని నేర్పాను. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఆ మాట అనకుండా మెల్లగా లేచి రావాలని చెప్పడం మరిచాను.

మొన్న ఎదురింటి పెద్దాయన పోయాడు. పలకరింపుకు ఆమెనూ వెంట తీసుకెళ్లాను. పలకరింపు అన్నమాటే గానీ ఎవరూ పెద్దగా మాట్లాడరు, చాప మీద కాసేపు కూర్చుని వస్తారు. లేచేటప్పుడు ఈమె పెద్దాయన భార్య చేతులు పట్టుకుని, "పోయొస్త పెద్దమ్మా," అంది. ఆడవాళ్లంతా నా వైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దమ్మ మాత్రం, "మల్ల రా బిడ్డా. ఎవలో ఒకలు వస్తాంటెనే నాకు పొద్దు పోతది," అంది.

తప్పు నాదే అయినా, ఇంటికొచ్చాక ఆమెనే కసిరాను. ఆమె వినిపించుకుంటే గా. కొండ మీద పోయిన ఆ స్నేహితురాలి తల్లిని పలకరించడానికి తానెన్నడూ పోలేదని చెప్పింది. ఆ తల్లి ఇంకా బతికే ఉందట. పోకుండా ఎట్లా ఉన్నావని అడిగి, అడిగాక నాలుక కరుచుకున్నాను. దుకాణంలో నవ్వుకుంటూ నేను కథ చెప్పించిన ప్రతిసారీ ఈమె లోపల ఇదే నలుగుతూ ఉందన్నమాట. నా మీద నాకే అసహ్యమేసింది.

మరునాడు పొద్దున నన్ను పక్కన కూర్చోమని, ఆ తల్లికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. తానెవరో చెప్పుకుంది. అవతలావిడ ఫోన్ పెట్టేయలేదు. తన బిడ్డ ఆఖరున ఏమన్నదని అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసు. నిద్రలోనే పోయిందని చెబుతుందనుకున్నాను.

"నన్ను విడిచి పోకు అంది," అని చెప్పింది ఈమె. "నేను దిగి వచ్చేశాను."