గుట్ట మీద నా చేయి

మొన్న జగిత్యాలలో ఒక పూజసామాన్ల దుకాణంలో వత్తులు కొంటుంటే, మూలన గోనెసంచిలో జాజు గడ్డలు కనిపించాయి. ఇళ్లన్నీ డబ్బా రంగుల పాలయ్యాక ఈ ఎర్రమట్టిని ఎవరు కొంటారో గానీ, నాకు చేయి ఆగలేదు. ఒక గడ్డ తీసుకుని, సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు పోసి వాసన చూశాను. తొలివానకు తడిసిన మా ఇంటి గోడ వాసన! కుడి చేయి దానంతటదే ముడుచుకుంది. ఇన్నేళ్లయినా ఆ చేతికి భయం పోలేదు.

మాది రాయికల్ దగ్గర చిన్న పల్లె. బతుకమ్మ పండుగ వస్తుందంటే మా నాయనమ్మ ముందురోజే జాజు నానబెట్టి, తెల్లవారగానే పాతచీర పేలికతో అరుగులకూ గోడల అడుగుకూ పూసి, పైన సున్నంతో చుక్కలు పెట్టేది. వాకిట్లో తంగేడు, గునుగు పూల కుప్పలు, వంటింట్లో వేయించిన నువ్వుల వాసన, సత్తుపిండి కోసం తిరుగుతున్న విసుర్రాయి చప్పుడు, అన్నిటి మీదా నాయనమ్మ కేకలు. పూత పూర్తయ్యాక ఇంటి ఆడపిల్ల అరచేయి జాజులో ముంచి గడప పక్కన ముద్ర వేయాలి. అది మా ఇంటి ఆనవాయితీ. ఆ ముద్రలు చూసే నేను ఏటికేడు ఎంత ఎదిగానో నాయనమ్మ లెక్కగట్టేది.

కానీ అవి ఎరుపు కనిపిస్తే చాలు అందరూ ఉలిక్కిపడే రోజులు. గోడ మీద నక్సలైట్ల రాతలుంటే పోలీసులు ఆ ఇంటివాళ్లతోనే సున్నం కొట్టించేవారు. సున్నం కొట్టినందుకు, రాసిపోయిన అన్నలు ఏమంటారోనని మళ్లీ గుబులు. జీపు చప్పుడు వినగానే మా బాపు చదువుతున్న పేపరు మడిచేసి, కండువా భుజాన వేసుకుని, ఏమీ ఎరగనట్టు దొడ్లోకి పోయి బర్రె ముందు నిలబడేవాడు. పాపం, బర్రెకు కూడా అది అలవాటైపోయింది.

అలాంటి కాలంలో మా బడిలో సోషల్ సారుకు మమ్మల్ని ఊరవతలి గుట్టకు తీసుకుపోవాలని బుద్ధి పుట్టింది. సిరిసిల్ల నుంచి కొత్తగా వచ్చినవాడు, పాత రాళ్లంటే పిచ్చి. దారి చూపడానికి కల్లుగీసే లింగయ్య మామను ఒప్పించాడు. గుట్ట చుట్టూ ఉన్న తాటిచెట్లన్నీ ఆయన గీసేవే కాబట్టి, ఏ బండ వెనక ఏ సందుందో ఆయనకు చెట్టు మీది నుంచే తెలుసు.

ముందు రాకాసి గుండ్లు చూశాం. గుండ్రంగా పాతిన మనిషెత్తు రాళ్లు, నడుమ కూలిన బండల గూడు. చనిపోయినవాళ్లకు కట్టిన ఇళ్లని సారు చెబుతుంటే, లింగయ్య మామ మాత్రం దారి వైపే చూస్తూ, "మెల్లగ మాట్లాడుండ్రి పిల్లలూ. ఎవలింటున్నరో ఏమో" అన్నాడు. అప్పటిదాకా కేరింతలు కొట్టిన మేం ఒకరి వెనక ఒకరం దాక్కున్నాం.

పైన, పడగలా వంగిన బండ కింద, బొమ్మలు. మూపురాల ఎద్దులు, కొమ్ములు చాచిన దుప్పులు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు, అన్నీ ఎరుపే. "ఇది జాజే. వేల ఏండ్ల కింద గీసిన్రు" అన్నాడు సారు, చూపించడానికి తెచ్చిన జాజు గడ్డ నా చేతిలో పెడుతూ. ఓ పక్కన చేతి ముద్రలున్నాయి. వాటిలో ఒకటి నా చేతికంటే చిన్నది. నాకు ఒళ్లు పులకరించింది. వీళ్లింట్లోనూ ఆడపిల్ల ఉంది! అందరూ సత్తుపిండి ముద్దలు తింటుంటే, నేను గడ్డను అరగదీసి, తాగే నీళ్లు కలిపి, ఆ చిన్న చేతి పక్కన నా చేయి వేశాను, మా గడప దగ్గర వేసినట్టే.

వెనక్కి తిరిగితే లింగయ్య మామ. ఆ ముద్రను కండువాతో తుడవబోయి, పాత బొమ్మలు చెరుగుతాయేమోనని ఆగిపోయాడు. తిట్టలేదు. చెంబుతో నీళ్లు పోసి నా చేయి కడిగించి, "ఎవలకు చెప్పకు బిడ్డా" అన్నాడు.

మూడోరోజు గుట్ట గాలించిన పోలీసులకు ఆ కొత్త చేయి కనిపించింది. అన్నలు దారికి పెట్టుకున్న గుర్తనుకున్నారు. గుట్ట తెలిసినవాడని లింగయ్య మామను పట్టుకుపోయారు. చేయి ఎవరిదంటే తెలియదన్నాడట. ఆయన భార్య మా అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే, గడప లోపల నా ముద్ర పక్కనే నిలబడి అంతా విన్నాను. చెప్పకపోతే ఆయన ఏమవుతాడో, చెబితే జీపు మా ఇంటి ముందుకే వస్తుందేమో! ఆ రోజంతా, మర్నాడు కూడా నోరు విప్పలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి, జడ వేస్తున్న నాయనమ్మ ఒడిలో ముఖం దాచుకుని చెప్పేశాను.

"ఊకో అమ్మా, గీ లొల్లిల మనమెందుకు?" అన్నాడు బాపు, వీధి తలుపు దగ్గరికి వేస్తూ.

"ఊకుంటే గాయన పానం వోతది" అంది నాయనమ్మ. జాజు గిన్నె కొంగు కింద పెట్టుకుని, నా రెక్క పట్టుకుని ఠాణాకు నడిచింది.

"గా చెయ్యి మా పోరిది సారూ. పండుగకు ఇంట్ల ఏస్తది, గాడ గూడ ఏసింది" అని, నా చేతిని జాజులో ముంచి వాళ్ల తెల్లకాగితం మీద అద్దింది. ఎస్సై ఆ ముద్రను జానతో కొలిచి, కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి లింగయ్య మామను వదిలారు. ఒక కాలు ఈడుస్తూ, నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. మా ఇంటి ముందు నిలబడి నా తల నిమిరాడు. కోరుట్లకు పోయి కట్టు కట్టించుకున్నా ఆ కాలు మళ్లీ చెట్టెక్కలేదు. ఠాణా నుంచి రాగానే చెట్టెక్కబోయి, ఓపిక చాలక జారి పడ్డానని ఊరంతా చెప్పుకున్నాడు. కల్లుగీసేవాడికి తాను చెట్టు మీది నుంచి పడ్డానని చెప్పుకోవడం కంటే నామోషీ లేదు. ఠాణా పేరెత్తితే మాట తిరిగి తిరిగి మళ్లీ నా చేతి దగ్గరికే వస్తుందని ఆ నామోషీ నెత్తిన వేసుకున్నాడు.

ఇప్పుడు ఆ గుట్ట లేదు. గ్రానైటు కోసం కోసుకుపోయారు. ఎద్దులూ దుప్పులూ ఆ చిన్న చేయీ ఎక్కడ ఏ ఫ్లోరింగు కింద ఉన్నాయో. లింగయ్య మామ లేడు, జాజు అరుగులూ లేవు.

"ఏవూరు పెద్దమ్మా మీది?" అంది ఆ పూజసామాన్ల దుకాణంలోని పిల్ల, నా చేతిలోని జాజు గడ్డ చూసి. చెప్పాను.

"గట్లనా! మా తాతది గదే ఊరు. కల్లుగీసే లింగయ్య. చెట్టెక్కరాక జారిపడ్డడని ఊరంత నవ్వుతుండెనట" అని తనూ నవ్వింది.

చేతిలోని గడ్డ కింద పెట్టాను. ఎర్రబడిన అరచేయి ఆమె ముందు చాపాను.

"మీ తాత ఎన్నడు చెట్టు మీదికెళ్లి పడలే బిడ్డా" అన్నాను.