కాకకు చూపించిన ఫాంటు

రిటైరైన గని కార్మికుల సంఘం వాళ్ళు నిన్న మళ్ళీ ఫోన్ చేశారు. వాళ్ళ వెబ్ పేజీ చూసేది నేనే. అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయట, అందరికీ కనబడే ఫాంటు పెట్టమన్నారు. బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇదొక జీతం లేని కొలువు. రామగుండం ఎండకు ఫ్యాను కూడా వేడిగాలే విసురుతుంటే పొద్దంతా ఫాంట్లు మార్చి మార్చి చూశాను. ఒకదానిలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు, ఇంకోదానిలో వత్తులు పోయి కింది లైను మీద కూర్చుంటాయి. కళ్ళు మంటలెత్తాయి, ఓపిక అయిపోయింది. మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఇంత అవస్థ పడలేదు. అప్పుడు మా కాకను అడిగి ఒక్క సాయంత్రంలో తేల్చేశాను.

కాక అంటే మా నాన్న తమ్ముడు, గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి. పేజీ అలాంటి వాళ్ళ కోసమే కదా, ఆయన చదివితే అందరూ చదివినట్టే అనుకున్నాను. నాకు ముచ్చటేసిన సన్నటి ఫాంటులో దవాఖాన కార్డుల నోటీసు పెట్టి, ల్యాప్‌టాప్ పట్టుకుని గోదావరిఖనిలో వాళ్ళింటికి వెళ్ళాను. గొప్ప కోసం ముందు నేనే, కాక పక్కనే కూర్చుని ఉండగా, చిన్నమ్మకు గడగడా చదివి వినిపించాను. తర్వాత కాక ముందు పెట్టి, కనబడుతోందా అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని ఎక్కడా తడబడకుండా చదివాడు. తొందరలో నేనొక లైను వదిలేశాను, ఆయనా సరిగ్గా ఆ లైనే వదిలేశాడు. నవ్వుకున్నానే తప్ప ఆలోచించలేదు. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తట్టకపోయింది.

ఏడాది తిరిగాక ఒకరోజు కాక చాయ్ గ్లాసును బల్ల అంచు దాటించి గాలిలో పెట్టాడు. దవాఖానకు తీసుకెళ్ళాం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు తిరిగి రాదని, ముందే వస్తే చాలావరకు నిలిచేదని డాక్టరు చెప్పాడు. ఎప్పటి నుంచి ఇలా ఉందని కాకను గట్టిగానే నిలదీశాను. కోపమంతా నా మీద నాకే.

"నౌకరీల ఉన్నప్పటి సంది మసకనే బిడ్డా. కండ్ల పరీక్షల ఫెయిలైతే డ్యూటీ పోతదని, నా ముందటోడు బోర్డు చదువుతుంటే ఇని అట్లనే అప్పజెప్పేటోన్ని. నీ ముందట గూడ గట్లనే అయిపాయె."

ఇప్పుడు లావుపాటి, లైన్ల మధ్య ఎడం ఉన్న ఫాంటు ఒకటి తేలింది. వీధిలో నలుగురు పెద్దవాళ్ళకు చూపిస్తే చదివారు. చూపు అంతగా లేదని తెలిసినా, మొదటిసారిలాగే సాయంత్రం కాక దగ్గరికీ తీసుకెళ్ళాను. ఆయన తెర మీద వేళ్ళు ఆనించి తడిమాడు.

"కనబడ్తలేదు బిడ్డా," అన్నాడు.

ఎవరూ అడగకముందే ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆ మొదటి పేజీ రోజే అని ఉంటే, మా చేతుల్లో ఇంకా కాలం ఉండేది.