చెల్లెలికి పడని గింజ

మా చెల్లెలు నడక నేర్చింది మా నాయన ఏకిన దూది గుట్టల మధ్యే. మేం దూదేకులవాళ్లం. కోడుమూరుకు అవతల, వాన పడితే పండి, పడకపోతే ఎండే మెట్టచేల మధ్య మా ఊరు. నాయన ఏకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి పరుపులూ దిండ్లూ చేసిచ్చేవాడు. పెళ్లిళ్ల కాలంలో పని ఎక్కువై దూదిని ఇంటికే తెచ్చుకునేవాడు. అప్పుడు వసారాలో విల్లు మోత పొద్దంతా వినబడేది. నూగు లేచి అమ్మ తల మీదా, నీళ్లకుండ మీదా, మా కనురెప్పల మీదా కూడా వాలేది.

చెల్లెలికి ఆయాసం మొదలైనప్పుడు అందరి చూపూ ఆ నూగు మీదే పడింది. దాని రొమ్ము మీద చెవి పెడితే లోపల పిల్లికూతలు వినిపించేవి. ఊపిరి లోపలికి లాగినప్పుడల్లా డొక్కలు గుంటలు పడేవి. కూర్చోబెడితే కొంచెం నయం, పడుకోబెడితే ఇంకా ఎక్కువయ్యేది. జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, దాన్ని తన మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని వీపు నిమురుతూ ఉండేది. దర్గాలో తాయెత్తు కట్టించారు. వాము కాచి పోశారు. చివరికి నాటువైద్యుడు వచ్చి వసారా చూసి, "ఏమప్పా, పిల్లకు దూది పోస్తాండావు ఊపిరితో పాటు. ఇంకేం మందిచ్చేది నేను?" అన్నాడు.

నాయన ఆ రోజే విల్లును దూలానికి కట్టేశాడు. తాత ముత్తాతల నుంచి వచ్చిన పని అది. దాన్ని మానుకోవడం గురించి ఇంట్లో పెద్ద మాటలేమీ నడవలేదు. "బిడ్డ కన్నా పని ముఖ్యమా?" అన్నాడంతే. జేజిని ఊళ్లో ఉంచి, మమ్మల్ని తీసుకుని కర్నూలు పోయాడు. అక్కడ వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులో మూటలు మోసే పని దొరికింది.

వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. మా తాతల కాలంలో అంతగా లేని పంట, నాకు బుద్ధి తెలిసే నాటికి ఎటు చూసినా అదే. జొన్నలూ కొర్రలూ వేసే చేలల్లో కూడా అదే. కూరలో దాని పొడి, రొట్టెలోకి దాని పచ్చడి, ఊరిబిండి, దీపంలో దాని నూనె. పనిలోకి పోయే ఆడవాళ్ల కొంగున మూటగా కూడా అవే ఉండేవి. కానీ చెల్లెలు ఊరిబిండిని నాలుక మీద పెట్టగానే ఉమ్మేసేది. పొడి వేసిన కూర తోసేసేది. ఎప్పుడైనా బలవంతంగా తినిపిస్తే మూతి చుట్టూ దద్దుర్లు లేచేవి. అమ్మ వేడి చేసిందనుకునేది. "తిండికి వంకలు పెట్టే పిల్ల యాడ బాగుపడతాది?" అని విసుక్కునేది. పేదింట్లో ఏది పెడితే అది తినాల్సిందే కదా.

కర్నూల్లో దాని ఆయాసం తగ్గలేదు. ఎక్కువైంది. మిల్లు వెనక వీధిలో మా గది. కాయలు ఒలిచేటప్పుడు లేచే ఎర్రటి పొట్టు గాలికి మా గుమ్మంలోకి వచ్చి పడేది. నాయన పని నుంచి వచ్చేసరికి ఆయన జుట్టూ చొక్కా అంతా అదే దుమ్ము. చెల్లెలు వీధి మొదట్లోనే ఆయనకు ఎదురుపోయి మెడకు చుట్టుకునేది. ఇంట్లోకి వచ్చాక కాసేపటికే దగ్గు మొదలయ్యేది. నాయనను చూస్తే సంబరంతో దానికి ఊపిరి తిరగదని అమ్మ నవ్వేది. నవ్వే రోజులు మాకింకా మిగిలే ఉన్నాయి.

ఒక పండగకు అమ్మ బెల్లం పాకం పట్టి బుడ్డల ఉండలు చేసింది. ఊరిబిండి ఉమ్మే పిల్ల, బెల్లం కదా అని ఒకటి కొరికింది. మింగిందో లేదో పెదవులు వాచాయి. కళ్లు మూసుకుపోయాయి. గొంతులోంచి ఈల వేసినట్టు ఒక శబ్దం. నాయన దాన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. వెనక అమ్మా నేనూ. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది, కోస్తా వైపు మనిషి. ఒక్క మాట అడగకుండా దాని తొడకు సూది వేసింది. మేం చూస్తుండగానే నీలంగా మారిన గోళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. అమ్మ ఆమె కాళ్ల మీద పడబోతే ఆమె పక్కకు జరిగి, "ముందు ఏం తిన్నదో చెప్పమ్మా" అంది.

ఆయాసంతో వచ్చే చిన్నపిల్లలందరి గురించీ ఆమె ఆరా తీస్తూ ఉందని తర్వాత తెలిసింది. ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఏ కాలంలో ఎక్కువవుతుంది అని తల్లులను కూర్చోబెట్టి అడిగేది. కొన్నాళ్లకు మమ్మల్ని మళ్లీ రమ్మంది. ఇంట్లో తినేవన్నీ కొంచెం కొంచెం తెమ్మంది, పాత దూది కూడా. చెల్లెలి ముంజేతి మీద సూదిమొనతో రక్తం రాకుండా చిన్న గీతలు గీసి, ఒక్కోటి నానబెట్టిన నీళ్లు ఒక్కో గీత మీద చుక్క వేసింది. జొన్న, పాలు, గుడ్డు, దూది, బుడ్డలు. చెల్లెలు నా వేలు పట్టుకుని, ఏడవకుండా, చెయ్యి వంకే చూస్తూ కూర్చుంది.

కాసేపటికి ఒకే ఒక గీత దోమ కుట్టినట్టు లేచి, చూస్తుండగానే రూపాయంత దద్దు అయింది. బుడ్డల గీత. దూది గీత మీద చిన్న ఎరుపు కూడా రాలేదు.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "ఈ పిల్లకు వేరుశనగ పడదు. తింటే ప్రాణం మీదకే వస్తుంది. ఆ దుమ్ము పీల్చినా ఆయాసం వస్తోంది. దూదితో ఏమీ లేదు."

నాయన దాని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "దూది మాన్పించి బుడ్డల్లోకి తెచ్చి పడేసింది నేనే కదమ్మా" అన్నాడు.

"నీకెలా తెలుస్తుందయ్యా? మాకే ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

"తెలిసింది కదా. మందియ్యండి."

"దీనికి మందు లేదు. తినకుండా చూసుకోవడమే."

"ఆ దినం ఏసిన సూదైనా ఇయ్యండి తల్లీ. ఇంట్లో పెట్టుకుంటాం."

ఆమె తల అడ్డంగా ఆడించింది. తెల్లదొరలు యుద్ధంలో దిగాక ఆస్పత్రికే ఆ మందు సరిగా రావడం లేదంది. ఇంట్లో ఎవరు వేస్తారు, ఎంత వేస్తారు అంది. ఆమె చెప్పింది నిజమే. నాకు మాత్రం ఆ రోజు, తలుపు ఎక్కడుందో చూపించి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నట్టనిపించింది.

మేం ఊరికి తిరిగొచ్చాం. నాయన దూలం నుంచి విల్లు దించాడు. మళ్లీ వసారా నిండా నూగు లేచింది. చెల్లెలు అందులో కూర్చుని ఆడుకుంది, దగ్గలేదు. ఆ కొద్ది కాలం దాని బుగ్గలు నిండాయి. మా ఇంట్లో బుడ్డలన్న మాటే లేకుండా చేసింది జేజి. ఊరంతా కాయలు కొట్టే రోజుల్లో తలుపులు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కేది. ఎవరింటికి పోయినా ముందు, "మా పాపకు ఏం పెట్టొద్దండమ్మా" అని చెప్పేది. అందరూ నవ్వేవాళ్లు. అందరూ తినేది ఒక్కరికి విషమెట్లా అవుతుందని.

తర్వాత వానలు పోయాయి. ఒక ఏడు పోతే ఓర్చుకునే నేల మాది. మరుసటి ఏడూ పోయింది. పరుపులు కుట్టించుకునే వాళ్లు లేరు, ఉన్న పరుపులే అమ్ముకున్నారు. గొడ్లను వదిలేశారు. నాయనా అమ్మా నేనూ రోడ్డు మీద కంకర కొట్టే కరువు పనికి పోయేవాళ్లం. ఊళ్లో ముసలివాళ్లకూ పిల్లలకూ గంజి పోసేవారు. చెల్లెలి కోసం అమ్మ కొన్ని జొన్నలు విడిగా దాచింది. మేం పస్తున్న రోజు కూడా వాటిని ముట్టుకోలేదు. అవీ అయిపోయాయి. గంజి పోసే చోట కూడా జొన్నపిండి చాలక, నూనె తీయగా మిగిలిన బుడ్డల చెక్కను దంచి కలపడం మొదలుపెట్టారు. గొడ్లకు పెట్టేది అది. దొరికినందుకు జనం దణ్ణం పెట్టి తాగారు.

ఒక రోజు ఎండ నెత్తి మీదకు వచ్చిన వేళ ఊరి మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. మేం ఇల్లు చేరేసరికి చెల్లెలు జేజి ఒళ్లో కూర్చుని ఉంది. మొహం వాచి గుర్తుపట్టేట్టు లేదు. నాయన ఎవరి బండో అడిగి కట్టించాడు. ఎద్దులు డొక్కలెండి ఉన్నాయి, అదిలించినా నడకే తప్ప పరుగు లేదు. కర్నూలు సంగతి దేవుడెరుగు, కోడుమూరు కూడా చేరలేదు. దారిలోనే పిల్లికూతలు తగ్గాయి. అమ్మ తగ్గిందనుకుని నా వైపు చూసింది. నాయనకు అర్థమైంది. బండి ఆపమన్నాడు.

ఖననం అయిపోయాక జేజి నాయన ఎదురుగా వచ్చి కూర్చుంది. "పొద్దున్నుంచి కడుపు పట్టుకుని ఏడుస్తాండాది నాయనా. గంజిలో చెక్క కలిపినారని నాకు తెలుసు. రెండు గుక్కలే కదా అనుకుంటి. తాపితి. ఆకలికి పోతాదేమోనని బయపడితి. తిట్టు నన్ను."

నాయన జరిగి ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఏమని తిట్టేదమ్మా?" అన్నాడు. ఆ తర్వాత జేజి బతికినన్నాళ్లూ గంజి దగ్గరికి పోలేదు. ఎక్కువ కాలం బతకలేదు కూడా.

కొన్ని నెలలకు నాయన కర్నూలు పోయి డాక్టరమ్మకు సంగతి చెప్పాడు. నన్నూ తీసుకెళ్లాడు. ఆమె విని కుర్చీలో వెనక్కి వాలింది. ఇలాంటి పిల్లలు ఇంకా కొందరు కనబడ్డారనీ, వేరే దేశాల్లో కూడా దీని సంగతి చూస్తున్నారనీ అంది.

"మందు కనిపెడతారామ్మా?"

"తెలియదయ్యా."

"మేము తెలుసుకుని ఏం చేసినట్లు?"

చదివిన మనిషి ఏదో ఒకటి చెబుతుందని నాకింకా ఆశ ఉండేది. ఆమె కాగితం తీసి చెల్లెలి సంగతి రాసుకుంది. మేం లేచి వచ్చేశాం.

వానలు తిరిగొచ్చిన ఏడు తమ్ముడు పుట్టాడు. పాకే వయసులో ఎవరో వాడి చేతికి బుడ్డలు ఇచ్చారు. అమ్మ చూసేలోగా నమిలి మింగేశాడు. అమ్మ వాణ్ని ఒళ్లో వేసుకుని, మూతి మీద వేలు పెట్టి, ఊపిరి వింటూ కదలకుండా కూర్చుంది. వాడికి ఏమీ కాలేదు. ఇంకా కావాలని చెయ్యి చాపాడు. అమ్మ వాణ్ని నాకిచ్చి పెరట్లోకి పోయింది. వాడికి పడినందుకు ఏడ్చిందో, చెల్లెలికి పడనందుకు ఏడ్చిందో నేను అడగలేదు.